చిరిగిన రేకుల పళ్ళెం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది, ఎలాగూ మా అత్తగారు ఊరంతా చెప్పేశారు. కోపం కన్నా ఎక్కువైంది ఇంకోటి ఉంది, ఆరా. ఎదుటివాళ్ళు ఏ పనైనా అలా ఎందుకు చేస్తున్నారో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. ఆత్రేయపురంలో పూతరేకుల షెడ్డుకి సూపర్‌వైజరుగా వెళ్ళిన కొత్తల్లో కోపం ముందు పనిచేసింది, ఆరా ఆలస్యంగా నిద్రలేచింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అంతకు ముందు నేను రాజమండ్రిలో ఓ పెద్ద బట్టల షాపులో పనిచేశాను. అక్కడ గోడ మీద ఓ బోర్డు ఉండేది. ఎవరు ఎన్ని చీరలు అమ్మారో రోజూ సాయంత్రం దాని మీద రాసేవాళ్ళు. పైనున్న వాళ్ళకి చప్పట్లు, కిందనున్న వాళ్ళకి మేనేజరుగారి గదిలోకి పిలుపు. మూడేళ్ళపాటు నా పేరు ఎప్పుడూ పైవరసలోనే ఉండేది కాబట్టి అది చాలా మంచి పద్ధతని నా గట్టి నమ్మకం. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేసి రెండేళ్ళు కొత్తపేటలో ఇంట్లో కూర్చున్నాను. షెడ్డు ఉద్యోగం వచ్చిందని చెబితే మా అత్తగారు, "ఎన్నాళ్ళు చేస్తావో చూద్దాంలే అమ్మా" అన్నారు. ఆ మాట మనసులో పెట్టుకుని స్కూటీ ఎక్కాను.

ఇదివరకు ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళు రేకులు తీసి ఓనరుగారికి పంపేవారు. ఫోన్లలో ఆర్డర్లు పెరిగాక ఆయన ఇనపరేకుల షెడ్డు వేసి, వరసగా పన్నెండు పొయ్యిలు కట్టించి, పన్నెండు మందినీ ఒక్కచోటికి చేర్చారు. "పని బాగానే చేస్తారండి, కానీ పద్ధతిగా ఉండదండి. మీరు పెద్ద షాపులో చేసేరు కదా, కాస్త గాడిలో పెట్టండి" అన్నారు నాతో. గాడిలో పెట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను.

రేకు తీయడం చూడని వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని నీళ్ళలా పలచగా కలిపి, అందులో తెల్లటి గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా పల్చటి పొర కడుతుంది. దాన్ని చిరక్కుండా ఎత్తితే అదే రేకు. ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది కాబట్టి షెడ్డులో ఫ్యాను ఉండదు. రుబ్బిన పిండి అందరికీ ఒకటే, కానీ ఎవరి గిన్నెలో ఎన్ని నీళ్ళు పోసుకోవాలో వాళ్ళిష్టం. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం అప్పుడు పట్టించుకోలేదు.

మొదటి పొయ్యి దగ్గర కూర్చునే ఆవిడని అందరూ మామ్మగారు అనేవారు. అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా రేకులు తీస్తున్న చెయ్యి. మిగతా పదకొండు మందిలో సగం మందికి పని నేర్పింది ఆవిడే. ఆవిడకి ఓనరుగారు ఏ పదవీ ఇవ్వలేదు, కానీ షెడ్డులో ఒక ఆచారం మాత్రం ఆవిడ చేతిలో నడిచేది. చిరిగిన రేకులన్నీ పెద్ద స్టీలు పళ్ళెంలో వేసేవారు. మూడు గంటలకి టీ వచ్చేసరికి మామ్మగారు ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక్కో ముక్కా తీసి, వెలుతురికి పట్టుకుని చూసి, నోట్లో వేసుకునేది.

"ఇది ఎవరిదే?"

"నాదండీ మామ్మగారూ."

"మంట ఎగదోసేవే. అంచు మాడిపోయింది చూడు. మరి ఇదీ? ఇది నాదేలే, గుడ్డ ముడత పడింది. ముసిలి చెయ్యి కదా, దానిష్టం అయిపోయింది."

అందరూ నవ్వేవారు. తర్వాత ఆ ముక్కల మీద బెల్లం తురుము జల్లి తలా పిడికెడు తినేవారు. దీనికంతా అరగంట. నేను తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకునేదాన్ని. పాడైన సరుకు చుట్టూ కూర్చుని పన్నెండు మంది అరగంట నవ్వుకోవడం ఏమిటో! నా ఒళ్ళు మండిపోయింది.

రెండోవారం పళ్ళెం తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను. గోడకి బోర్డు కొట్టించాను. పన్నెండు పేర్లూ రాసి, ఎవరికి ఎన్ని చిరిగాయో రోజూ సాయంత్రం పేరు ఎదురుగా వేశాను. తక్కువ చిరిగినావిడ పైన, ఎక్కువ చిరిగినావిడ కింద. పైనున్నావిడకి చప్పట్లు కూడా కొట్టించాను. "బాగుందా అండీ?" అనడిగితే అందరూ "ఆయ్" అన్నారు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, "ఆయ్" అంటే విన్నామని మాత్రమే అర్థమని నాకు తెలియకపోవడమేమిటి! తెలుసు. ఒప్పుకున్నట్టు తీసుకోవడం నాకు సుఖంగా ఉంది, అంతే.

బోర్డు పెట్టిన మొదటి వారం చిరుగులు సగానికి తగ్గాయి. మూడోవారానికి కొందరి పేర్ల ఎదురుగా సున్నా. నా ఆనందం చెప్పనలవి కాదు. బోర్డు ఫొటో తీసి ఓనరుగారికి పంపాను. ఆయన రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపారు. ఒక్క మామ్మగారికి మాత్రం చిరుగులు తగ్గలేదు. రోజూ పదిహేను, ఇరవై. రోజూ అందరికన్నా కిందన ఆవిడ పేరే. పెద్దావిడని ఏమంటాం అని నేను ఒక్క మాటా అనలేదు. బోర్డు అంటోంది కదా, నేననడం ఎందుకు. అదో మర్యాద అనుకున్నాను.

ఓ సోమవారం నుంచి మామ్మగారు రావడం మానేసింది. జ్వరమేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, బోర్డు మీద ఇక అన్నీ సున్నాలే వస్తాయని లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ గురువారం ఓనరుగారు ఫోన్ చేశారు. అమలాపురంలో ఓ పెద్ద పెళ్ళికి ఆర్డరు మాట్లాడుకున్నారు. శాంపిలు పెట్టె పంపితే పెళ్ళివారు రుచి చూసి వెనక్కి తిప్పేశారట.

"ఇవి పూతరేకులాండీ, అప్పడాలాండీ అని అడిగేరండి ఆయన! మా నాన్నగారి కాలం నుంచీ ఎవరూ ఆ మాట అనలేదండి. పది రోజులు టైమిచ్చేరు. ఈసారీ ఇలాగే ఉంటే షెడ్డు మూసేసి మళ్ళీ ఇళ్ళకే ఇచ్చేస్తానండి. మీరూ వేరే ఏదో చూసుకోవాల్సొస్తాది. ఏమనుకోకండి."

"ఎన్నాళ్ళు చేస్తావో చూద్దాంలే" అన్న అత్తగారి గొంతు చెవిలోనే ఉంది. వెళ్ళి ఆ రోజు తీసిన రేకుల్లోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. వచ్చిన దగ్గర్నుంచీ నేను ఒక్క రేకూ తినలేదు, సరుకు ముట్టుకోకూడదని నా నియమం. నాలుక మీద పెట్టగానే కరగాల్సింది కరగలేదు. నమిలాను. పళ్ళకి అంటుకుంది.

రావులపాలెం నుంచి ఆటోలో వచ్చే ఒకావిడ రెండో పొయ్యి దగ్గర కూర్చుంటుంది. మాటకారి. ఆవిడ గిన్నెలోకి తొంగిచూస్తే పిండి దోసెలపిండికి నీళ్ళు పోసినంత చిక్కగా ఉంది.

"ఇదేమిటండీ?" అన్నాను.

ఆవిడ చేతిలో గుడ్డ గిన్నె అంచున వేసింది. తర్వాత మెల్లిగా, "చిక్కగా కలిపితే చిరగదు కదండీ" అంది.

"ఎవరు చెప్పారు మీకు ఇలా కలపమని?"

"ఎవరూ చెప్పలేదండీ. బోర్డులో కింద పడతామేమోనని ఓ చెంబు నీళ్ళు తగ్గించేనండి. తీరా చూస్తే అందరూ తగ్గించేరు."

కోపం నషాళానికంటింది. అందరినీ నిలబెట్టి కేకలేశాను. రేపట్నుంచి పలచగా కలపాలి, కలపకపోతే ఊరుకోను అన్నాను. "ఆయ్" అన్నారు పదకొండు మందీ. మర్నాడు వెళ్ళి గిన్నెలు చూస్తే పిండి నిన్నటిలాగే ఉంది. బోర్డు గోడ మీద ఉంది మరి.

అప్పుడు లేచింది నాలో ఆరా. అరిస్తే కదలని మనుషులు సుద్దముక్కతో రాసిన ఒక అంకెకి ఎందుకు కదిలారు? అందరూ చిక్కగా తీస్తుంటే ఆ ముసలావిడ ఒక్కత్తీ ఎందుకు పలచగా తీసి రోజూ చిరగ్గొట్టుకుంది? రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే మామ్మగారింటికి వెళ్ళాను.

ఆవిడ వాకిట్లో కూర్చుని చాకుతో కొబ్బరాకులోంచి ఈనెలు తీస్తోంది, చీపురు కోసం. జ్వరం లేదు, ఏమీ లేదు.

"రండి మేడంగారూ. ఆ కుర్చీ ఇలా లాక్కోండి. మంచినీళ్ళు తాగుతారా అండి?"

"చెప్పకుండా మానేస్తే ఎలాగండీ మామ్మగారూ?" అన్నాను. అడగడానికి వెళ్ళినదాన్ని, నిలదీసినట్టే వచ్చింది మాట.

"నేను చెప్పేదేముందండీ, మీ బోర్డే చెప్పింది కదా, అందరికన్నా పనికిరాందాన్ని నేనేనని. పనికిరానప్పుడు పొయ్యి దండగ కదండీ." చాకు ఆగలేదు, ఈనె తర్వాత ఈనె వస్తూనే ఉంది. "మొగుడు కొట్టినందుకు కాదండీ, తోడికోడలు నవ్వినందుకు అని. మా కోడలు కూడా అక్కడే ఐదో పొయ్యి దగ్గర కూర్చుంటాది కదండీ. ఇంటికొచ్చి, అత్తయ్యగారండీ, ఇవాళ కూడా మీరే లాస్టండీ అందండి. తమాషాకే అందిలెండి. దానికి గుడ్డ పట్టుకోవడం నేర్పింది నేనేనండి."

తల కొట్టేసినట్టయింది నాకు.

"అందరూ చిక్కగా కలుపుతున్నారని మీకు తెలుసా అండీ?"

"మొదటివారమే తెలిసిందండి. కుండ మీద గుడ్డ లాగితే వచ్చే చప్పుడులోనే తెలిసిపోతాది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ. చిరిగినవన్నీ లెక్కెట్టేరు. చిరగనిది ఒక్కటైనా తిని చూసేరా అండి?"

పోనీ మీరైనా నీళ్ళు తగ్గించుకోవచ్చు కదా, కిందన ఉండడం దేనికి అనడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "అప్పుడది రేకెలాగవుద్దండీ?" అంది. అంతకు మించి ఆవిడకి ఆ ప్రశ్నలో ఏమీ కనపడలేదు.

"ఆ పళ్ళెం దేనికనుకున్నారండీ మీరు?" అని ఆవిడే మళ్ళీ అందుకుంది. "చిరిగిందాన్ని దాచుకుంటే ఎందుకు చిరిగిందో ఎవరికి తెలుస్తాదండీ? నాది నేను ముందు చూపించేదాన్ని. అది చూసి మిగతావాళ్ళు వాళ్ళవి తెచ్చేవారు. సిగ్గుండేది కాదండి."

"బోర్డు ఇవాళే చెరిపేస్తానండీ. మీరు వచ్చేయండి."

"వద్దండి. ఇప్పుడు చెరిపితే, ముసిల్ది అలిగింది కాబట్టి చెరిపేరంటారు. రేపు ఇంకోటి రాస్తారని అందరికీ భయం ఉంటాది. ఉండనివ్వండి. అడుగున మీ పేరు కూడా రాయండి. మీరూ పొయ్యి దగ్గర కూచోండి. రేకు తియ్యండి. మీకెన్ని చిరిగేయో మీరే రాసుకోండి. అది చూసేక వస్తానండి."

"నాకు రాదు కదండీ!"

"అందుకేనండీ" అంది మామ్మగారు.

దారంతా ఆవిణ్ణి తిట్టుకుంటూనే వచ్చాను. సూపర్‌వైజరుని, పదకొండు మంది ముందు మసి పూసుకుని కూర్చోవాలా? కానీ ఉద్యోగం పోతుంది, పైగా ఏమవుతుందో చూడాలనీ ఉంది. బోర్డు అడుగున పదమూడో పేరు నాది రాసి, మామ్మగారి ఖాళీ పొయ్యి ముందు కూర్చున్నాను. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.

మొదటి లాగుకే వేలు కాలింది. రేకు వచ్చిందా అంటే వచ్చింది, నాలుగు ముక్కలుగా. రెండోది కుండని వదలనంది. మూడోది సగం గుడ్డకి అంటుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుండ బాగోలేదన్నాను. ఆటోలో వచ్చే ఆవిడ లేచి వచ్చి, నా గుడ్డతోనే, నా కుండ మీదే, నిండుచందమామ లాంటి రేకు తీసి చేతిలో పెట్టింది. కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు అందరూ. నాకూ నవ్వొచ్చింది. సాయంత్రానికి మూడు మంచి రేకులు వచ్చాయి. చిరిగినవి నలభై ఒకటి. బోర్డు దగ్గరికి వెళ్ళి నా పేరు ఎదురుగా నలభై ఒకటి అని నా చేత్తోనే రాశాను. రాస్తుంటే సుద్దముక్క విరిగింది.

"మేడంగారండీ, మీరున్నంతకాలం మాకెవరికీ లాస్టు రాదండీ" అంది వెనకనుంచి ఆటోలో వచ్చే ఆవిడ. షెడ్డంతా గొల్లుమంది.

అటక మీంచి పళ్ళెం దింపించి నా ముక్కలన్నీ అందులో పోశాను. పిండి గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్న గిన్నెలు కలుపుతుంటే ఊరికే చూస్తూ నిలబడ్డాను. రెండో పొయ్యి ఆవిడ ఇంకో చెంబు నీళ్ళు పోసింది. ఆ పక్కావిడ పోసింది. ఐదో పొయ్యి దగ్గర మామ్మగారి కోడలూ పోసింది. ఆ రోజు అందరికీ చిరిగాయి. మూడు గంటలకి ఎవరూ పిలవకుండానే వాళ్ళ ముక్కలు తెచ్చి నా ముక్కల పక్కన వేశారు. అవే కుండలు, అదే బియ్యం, అదే జీతం. మారిందల్లా నేను కూర్చున్న చోటు. మనుషులు పని ఎందుకు మనసుపెట్టి చేస్తారు, ఎందుకు చెయ్యరు అని నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇతరుల మొహాలు చూసి వెతికాను కానీ, నావంక చూసుకోవాలని తోచలేదు.

మూడో రోజు మామ్మగారు వచ్చింది. ముందు బోర్డు చూసింది. నా పేరు ఎదురుగా ఉన్న అంకె చూసి తలాడించింది. తర్వాత పళ్ళెంలోంచి నా ముక్క ఒకటి తీసి, వెలుతురికి పట్టి, నోట్లో వేసుకుంది.

"పిండి బాగుందండి. చెయ్యే తొందర" అంది. అని తన గుడ్డ తీసుకుంది. నేను లేచి పొయ్యి ఆవిడకి ఇచ్చి, ఓ మూల నాకో పొయ్యి వేయించుకున్నాను.

అమలాపురం పెళ్ళివారు రెండో శాంపిలు తిని ఆర్డరు ఖాయం చేశారు. మా అత్తగారికి ఆ శాంపిలుకి తీసినవాటిలోంచే రెండు తెచ్చిపెట్టాను. "కరిగిపోతున్నాయే" అన్నారు. ఆ ఒక్క మాటా చాలు నాకు.

కథ ఇక్కడితో ఆపేస్తే నేను చాలా గొప్పగా కనిపిస్తాను. ఆపడానికి మనసొప్పడం లేదు.

బోర్డు అలాగే ఉండిపోయింది. నేను రోజూ ఓ గంట కూర్చుని రేకులు తీస్తున్నాను, రోజూ కిందనే ఉంటున్నాను, అందరూ ఆటపట్టిస్తున్నారు. ఐదారు నెలలు తిరిగేసరికి నా చెయ్యి కాస్త కుదురుకుంది. ఓ రోజు పొద్దున్నే ఓనరుగారు ఫోన్ చేసి, తన బంధువులు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని చెప్పారు. వాళ్ళు వస్తున్నారని ఆ రోజు టీకి ముందే లెక్క రాసేశాం, నా పేరు ఎదురుగా చిరిగినవి రెండు. మామ్మగారి పేరు ఎదురుగా పన్నెండు. మొదటిసారి ఆవిడ కన్నా పైన నేను! వచ్చినవాళ్ళు బోర్డు చూసి, "మేడంగారే స్వయంగా తీస్తారాండీ, ఎంత చక్కగా తీస్తారో" అని మెచ్చుకుని వెళ్ళారు. ఓనరుగారి మొహం వెలిగిపోయింది. నేను ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

టీ వేళ మామ్మగారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. కానీ అందులో చెయ్యి పెట్టలేదు. లేచి వెళ్ళి, నేను తీసిన మంచి రేకుల దొంతరలోంచి ఒకటి తీసుకుని, విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

నా దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది. "చెంబు నీళ్ళు తగ్గించేరాండీ?"

తగ్గించాను. అన్నీ తెలిసిన నేను, ఈ షెడ్డులో జరిగిందంతా కళ్ళారా చూసిన నేను. ఎవరూ తిట్టలేదు, ఎవరూ బెదిరించలేదు. బయటివాళ్ళు వస్తున్నారు, కిందన నా పేరు చూస్తారు అనుకున్నాను, చెంబు దానంతటదే ఆగిపోయింది.

"అవునండీ" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మామ్మగారు నవ్వింది. ఇన్ని నెలల్లో ఆవిడ నన్ను మేడంగారని తప్ప పిలవలేదు. ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసింది, పిండి అంటిన చెయ్యి.

"ఇప్పుడు చెరిపెయ్యమ్మా" అంది.

నేను గిన్నెలోంచి గుడ్డ తీసి పిండి పిండేసి, పదమూడు పేర్లూ తుడిచేశాను.